కొమ్ముపిడి చాకు: వంక ఎవరికి కనబడింది?

మా జేజినాయన చాకుకు మూడు వంకలున్నాయి. అలుగు వెన్ను పక్కన సన్నటి అడ్డగీతలు కనబడతాయి, ఎంత నూరినా పోవు. పిడికి రెండు పక్కలా వేసిన కొమ్ముచెక్కలు జోడు కావు. ఒకటి కారునలుపు, రెండోదాంట్లో పాలరంగు చార ఒకటి ఏటవాలుగా పోతుంది. మడిచినప్పుడు అలుగు రెండు చెక్కల నడిమధ్యకు వచ్చి కూర్చోదు, నల్లచెక్క మీదికి ఒరుగుతుంది. మడిస్తే జేబులో పట్టేటంత, తెరిస్తే జానెడు. వక్క చీల్చడానికి, పగ్గం కోయడానికి, చెప్పుల వారు కత్తిరించడానికి, యాపపుల్ల చెక్కడానికి ఆయన సచ్చేదాకా ఇదే వాడినాడు.

కొన్నేళ్ల కిందట నంద్యాలలో జరిగిన ఒక హస్తకళల ప్రదర్శనకు దీన్ని తీసుకపోయినాను. పాత చేతిపనిముట్లు కూడా పెడతామన్నారని పోయినాను. బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి చాకును తెరిచి, మూసి, వెలుతురుకు పట్టి చూసి, "ఫినిషింగ్ లేదమ్మా" అన్నాడు. పిడి దేంతో చేసిందని అడిగినాడు. ఎనుము కొమ్ము అన్నాను. ఎవరు చేసినారన్నాడు. చెప్పినాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. చాకు బల్ల మీద పెట్టి కర్చీపుతో వేళ్లు తుడుచుకున్నాడు. మామూలుగానే తుడుచుకున్నాడేమో. పరిశోధకురాలిగా నేను అట్లా రాయాలి. మాదిగింట్లో పుట్టినదానిగా నాకు తెలిసింది వేరే.

పక్కబల్ల మీద ఆళ్లగడ్డ శిల్పాలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి గొప్పతనాన్ని నేను కాదనను. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, రావలసిందే. నా ప్రశ్న వేరు. ఒక వస్తువులో వంక ఉందని ఎవరు నిర్ణయిస్తారు? ఏ వంక లోపం, ఏ వంక లక్షణం? ఈ తేడాను మన సమాజం ఎట్లా పంచిపెట్టింది? ఈమధ్య పట్నాల్లో చేతిపనిని మెచ్చుకునేవాళ్లు చిన్నచిన్న లోపాలే అందమని, వాటిని ఒప్పుకోవాలని అంటున్నారు. వినడానికి బాగుంది. ఒప్పుకునే ముందు ఆ లోపం యాడినుంచి వచ్చిందో అడగాలి గదా.

మొదటి వంక సులభం. అలుగు ఒక అరిగిపోయిన ఆకురాయిది. ఆకురాయి మంచి ఉక్కు, కర్బనం ఎక్కువ, నీరు పెడితే గట్టిగా పదును నిలుపుకుంటుంది. అందుకే పాతబడ్డ ఆకురాళ్లు, రంపపురేకులు, లారీ కమాను పట్టీలు పల్లె కొలిమికి ముడిసరుకు అయినాయి. ఆకురాయి పళ్లు పూర్తిగా పోయేదాకా అరగదీస్తే అలుగు పలచనై బలం పోతుంది. వాదర దగ్గర మాత్రం నున్నగా నూరి, వెన్ను దగ్గర వదిలేసినాడు. ఆ గీతలు ఉక్కును పొదుపు చేసినదానికి గుర్తు. వాదర దగ్గర ఒక్క గీత మిగిలినా జేజినాయన ఆ అలుగును తీసుకోకపోయేవాడు. పని చెడగొట్టే వంకకూ, కంటికి మాత్రమే ఆనే వంకకూ ఆయనకు తేడా తెలుసు. ఆయన సౌందర్యశాస్త్రం అంతా ఆ తేడాలోనే ఉంది.

కొమ్ము సంగతి కొంచెం పెద్దది. ఊర్లో గొడ్డు చస్తే మావాళ్లకు కబురొచ్చేది. తోలు వొలిచి, కొమ్ములు వేరే తీసి, దిబ్బలోనో తేమమట్టిలోనో కొన్నాళ్లు పూడ్చేవాళ్లు. లోపలి ఎముక వదులై ఊడొచ్చాక పైడొల్ల మిగులుతుంది. దాన్ని కోసి, సెగ చూపించి, మెత్తబడ్డప్పుడు రెండు ఇనుపపలకల మధ్య పెట్టి పైన రాయెత్తితే చదునవుతుంది. సెగ ఎక్కువైతే పొరలు విడిపోతాయి, తక్కువైతే చల్లారినాక మళ్లీ వంగుతుంది. ఎంత సెగ అనేది ఏ పుస్తకంలోనూ లేదు, ముక్కుకు తెలుస్తుంది. ఆ తర్వాత ఇసకతో, ఇటికపొడితో రుద్ది ఆముదం పట్టించాలి. కొమ్ము చచ్చినా ఊరుకోదు, గాలిలో తేమను తాగుతుంది, ఎండకు వదులుకుంటుంది. నంద్యాల ఎండ తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు. ఈ చాకు ఎండాకాలంలో వదులవుతుంది, వానాకాలంలో బిగుస్తుంది. మే నెలలో చెక్కకూ మేకుకూ మధ్య వెంట్రుకంత సందు కనబడుతుంది, శ్రావణానికి పూడుతుంది. దీన్ని ఫినిషింగ్ లోపం అనుకునేవాడు ఎప్పుడూ ప్లాస్టిక్ పిడే పట్టుకున్నాడని అర్థం.

చెక్కలు జోడు ఎందుకు కాలేదంటే, ఒక కొమ్ము సెగలో పగిలిందట. దానికి జతగా ఇంకో గొడ్డు కొమ్ము దొరికేదాకా ఆగి, దొరికింది వేసుకున్నాడు. మా జేజి చెప్పిన మాట ఇది. ముడిసరుకును ఎంచుకునే స్వేచ్ఛ లేని మనిషి దొరికినదానితో సర్దుకున్నాడని నా నోట్సులో రాసుకున్నాను.

అసలు చెప్పవలసింది మూడో వంక గురించి.

అలుగును కొట్టింది ఆళ్లగడ్డ దగ్గరి మా ఊరి కమ్మరి. పిడి చేసింది జేజినాయన. ఇద్దరి మధ్య డబ్బు లేదు. కమ్మరి కొలిమికి గాలి ఊదేది తోలుతిత్తి. అది చిరిగితే కుట్టాల్సింది, మార్చాల్సింది మాదిగ. తిత్తి కుట్టినందుకు బదులు అలుగు. కమ్మరి లేకుండా మాదిగకు రంపె లేదు, ఆరె లేదు. మాదిగ లేకుండా కమ్మరికి గాలి లేదు, నిప్పు లేదు. ఇంత అవసరం ఉన్న ఇద్దరు మనుషులు ఒక కప్పు కింద కూర్చోలేదు. తిత్తి కొలిమి లోపలికి పోతుంది, కుట్టినవాడు చూరు బయట నిలబడతాడు. కమ్మరి అలుగు చేతికివ్వలేదు, నేల మీద పెట్టినాడు, జేజినాయన తీసుకున్నాడు.

మడత చాకులో ప్రాణం ఒక్క మేకులోనే ఉంటుంది. ఈ చాకుకు స్ప్రింగు లేదు, బిగింపే పట్టు. అలుగు బెజ్జమూ, రెండు చెక్కల బెజ్జాలూ ఒకే వరసలో నిలువుగా ఉండాలి. కొంచెం ఏటవాలైనా అలుగు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే ఎవరైనా అలుగునూ చెక్కలనూ పక్కపక్కన పెట్టుకుని, మేకు దూర్చి చూసి, తిప్పి చూసి, మళ్లీ తీసి సవరిస్తారు. నాలుగైదుసార్లు చేస్తే గానీ కుదరదు. ఇక్కడ అలుగు బెజ్జం కొలిమి లోపల పడింది. చెక్కల బెజ్జాలు మాదిగవాడలో పడినాయి. జేజినాయన కొలతకు ఒక తుమ్మముల్లు పంపినాడట, ఈ లావు బెజ్జం కావాలని. లావు సరిపోయింది. వాలు సరిపోలేదు. ముల్లు లావును చెబుతుంది గానీ వాలును చెప్పదు. లోపలికి పోయి పక్కన కూర్చుని చూసుకునే హక్కు ఉంటే అర్ధగంట పని.

ఈ వంకను ఏమనాలి? చేతిపనికి సహజమైన లోపమనాలా? ఒప్పుకోవాలా?

విచిత్రం ఏమంటే, దక్షిణాదిలో ఎడమచేతి కులాలు, కుడిచేతి కులాలు అని రెండు పక్షాలుగా తగాదాలు జరిగిన కాలంలో, ముఖ్యంగా 17, 18 శతాబ్దాల మద్రాసు పట్నంలో, ఊరేగింపుల కోసం, వీధుల కోసం కొట్లాటలైనప్పుడు, కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, కంసాలి అనే పంచాణం వాళ్లు ఎడమచేతి పక్షం. తెలుగునాట మాదిగలది కూడా ఆ పక్షమే. మాలలు కుడిచేతి వైపు. అంటే తగాదాలో మాదిగ కమ్మరి పక్షాన నిలబడాలి, కొలిమిలో మాత్రం పక్కన నిలబడకూడదు. మాల మాదిగల మధ్య దూరానికి మూలాలు వెతికేవాళ్లు ఈ పాత పక్షాలను కూడా చూడాలి. కొట్లాట ఎవరిదో, దాన్ని మోసింది ఎవరో తెలుస్తుంది.

ఇప్పుడు పుస్తకాల్లోకి పోదాం. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ఖడ్గలక్షణం అని ఒక అధ్యాయం ఉంది. 50 అంగుళాల కత్తి ఉత్తమం, 25 అంగుళాలది అధమం. అలుగు మీద ఉండే మచ్చను వ్రణం అన్నాడు. అది బేసి అంగుళం మీద పడితే కీడు, సరి అంగుళం మీద పడితే మేలు. మచ్చ మారేడుకాయ ఆకారంలోనో, గొడుగు ఆకారంలోనో, శివలింగం ఆకారంలోనో ఉంటే శుభం. కాకి, తొండ, తేలు, తలలేని మొండెం ఆకారంలో ఉంటే అశుభం. రాజు చేతి కత్తికి మచ్చ ఉంటే పండితుడు కూర్చుని అంగుళాలు లెక్కపెట్టి దానికి అర్థం చెబుతాడు. అదే అధ్యాయంలో పదును పెట్టడానికి పూత చెప్పినాడు. జిల్లేడుపాలు, పొట్టేలు కొమ్ము కాల్చిన మసి, పావురం రెట్ట, ఎలక పెంటికలు కలిపి పూయమన్నాడు. పొట్టేలు కొమ్ము మసి గ్రంథంలోకి ఎక్కింది. కొమ్ము తీసిన చెయ్యి ఎక్కలేదు.

రాయి విషయంలోనూ ఇదే. మయమతం లాంటి శిల్పశాస్త్రాలు రాళ్లను రంగును బట్టి బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్ణాలుగా, నాదాన్ని బట్టి పురుష, స్త్రీ, నపుంసక శిలలుగా విడదీసినాయి. రాయికి కూడా కులం పెట్టిన నాగరికత మనది. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. శిల్పి రాయిని సుత్తితో తట్టి వినేది శాస్త్రం కోసం ఒక్కటే కాదు. లోపల కనబడని పగులుంటే నాదం బొంగురు పోతుంది, నెలల పని చివరి ఉలిదెబ్బకు విరిగిపోతుంది. ఆ తట్టి వినే చెవీ, వాదర మీద గీత ఉంటే అలుగు వద్దన్న మా జేజినాయన కన్నూ ఒకే రకం తెలివి. పని ఇచ్చిన తెలివి అది. దాని మీద వర్ణాన్ని తరవాత ఎవరో అతికించినారు.

ఉక్కు దగ్గర ఇంకొకటి చెప్పుకోవాలి. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలు పారశీకం దాకా పోయినాయి. 1820 ప్రాంతంలో అక్కడికి పోయిన హెన్రీ వాయ్‌సీ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి చూసి రాసినాడు. అట్లాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలుండేవి. వాటిని ప్రపంచమంతా మెచ్చింది. 1998లో వెర్‌హోవెన్, పెండ్రే అనేవాళ్లు ఆ అలలకు కారణం ఉక్కులో అతికొద్దిగా కలిసిన వెనేడియం లాంటి మలినాలని తేల్చినారు. మలినమే! అది సుల్తాను నడుముకు ఎక్కితే అందమైంది.

నంద్యాల జిల్లాలోనే ఇంకో కత్తి కథ ఉంది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులు కాసి రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసినట్టు చెప్పే పోతులూరి వీరబ్రహ్మం పంచాణం మనిషి. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. ఆ మాటకొస్తే కులాన్ని ధిక్కరించిన సంప్రదాయమే. కానీ కక్కయ్య కథ ఎట్లా చెబుతారు? దేహంలో చక్రాలున్నాయి, పద్మాలున్నాయి, దేవతలున్నారు అని గురువు సిద్దయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడట. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెండ్లాన్ని కోసి చూసినాడట. ఏ పద్మమూ కనబడలేదట. వచ్చి గురువును నిలదీస్తే, గురువు ఆమెను బతికించి అతనికి జ్ఞానం ఇచ్చినాడట.

ఈ కథ విన్నోళ్లు కక్కయ్య అమాయకత్వానికి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మొదట, ఆ ఆడమనిషి గురించి. ఆమె దేహం ఇద్దరు మగవాళ్ల జ్ఞానచర్చకు బల్ల అయింది, ఆమె ఏమన్నదో కథలో లేదు. రెండోది, ఊరు మొత్తంలో వందల దేహాలను తెరిచి లోపల ఏ నరం యాడ పోతుందో, ఏ పొర యాడ విడుతుందో కళ్లతో చూసినవాడు మాదిగ ఒక్కడే. దేహం లోపల పద్మాలున్నాయంటే రుజువు అడగడానికి అర్హత ఉన్న మనిషి అతనే. కథ అతని తెలివిని తెలివితక్కువతనంగా మార్చింది, అతని కత్తిని అజ్ఞానపు కత్తి చేసింది. అన్నట్టు, సీమ కత్తి అంటే సినిమావాళ్లకు ముఠాకక్షల కత్తి ఒక్కటే తెలుసు. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనలు కూడా 9 అంగుళాలకు మించిన అలుగు గురించే పట్టించుకుంటాయి. మూడున్నర అంగుళాల పనికత్తి సినిమాకూ అక్కరలేదు, పోలీసుకూ అక్కరలేదు, చరిత్రకూ అక్కరలేకపోయింది.

కొమ్ముకు మాత్రం దూరదేశంలో గిరాకీ ఉండె. ఇంగ్లండులోని షెఫీల్డ్ చాకుల పిడులకు మన దేశపు ఎనుము కొమ్ము, కణుజు కొమ్ము వాడినారు. జోసెఫ్ రాడ్జర్స్ లాంటి కంపెనీల జేబుచాకులు మళ్లీ ఇక్కడి దొరల జేబుల్లోకి వచ్చినాయి. కణుజు కొమ్ముపిడి గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఏ రెండూ ఒకటి కావు. అక్కడ కొనేవాళ్లకు అదే విలువ. ప్రకృతి వేసిన ముద్ర అని మురుసుకుంటారు. మా జేజినాయన పిడి మీది పాలచార కూడా ప్రకృతి వేసిందే.

జపాన్‌లో యానగి మునేయోషి అనే పండితుడు, మిత్రులతో కలిసి, 1925లో సామాన్యుల చేతిపనికి మింగెయ్ అని పేరుపెట్టి దాని అందాన్ని లోకానికి చెప్పినాడు. కొరియాలో ఎవరో పేరులేని కుమ్మరి చేసిన ఒక మామూలు గిన్నె అక్కడ జాతీయ సంపద అయింది, దాని వంకరే దాని ఘనత. మంచిదే. అదే జపాన్‌లో తోలుపని చేసినవాళ్లను అంటరానివాళ్లుగా ఉంచినారు. 1871లో ప్రభుత్వం ఆ హోదాను రద్దుచేసినా వెలి పోలేదు. 1922లో వాళ్లు సుయిహెయ్‌షా అనే సంఘం పెట్టుకుని కొట్లాడినారు. మింగెయ్ అనే మాట పుట్టడానికి మూడేళ్ల ముందు. గిన్నె వంకను ప్రేమించడం సులభం, చేసినవాడి పక్కన కూర్చోవడం కష్టం.

మనవాళ్లలోనూ ఒక చర్చ ఉంది. కంచ ఐలయ్య మొదలైనవాళ్లు తోలుపని విజ్ఞానమని, లంద ఒక రసాయనశాల అని గట్టిగా చెప్పినారు. తంగేడుచెక్క, సున్నం, కరక్కాయ పాళ్లు తెలిసినవాళ్లను చదువురానోళ్లు అనడం అన్యాయమని చెప్పడం అవసరమే. ఆ మాటల బలంతోనే నాలాంటివాళ్లు విశ్వవిద్యాలయంలో తలెత్తి కూర్చున్నారు. కానీ అంబేడ్కర్ 1927లో మహాడ్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నాడు. కులమంటే శ్రమ విభజన కాదు, శ్రమచేసే మనుషులను విడదీసి నిచ్చెనమెట్ల మీద పెట్టడమని 1936లో తేల్చినాడు. పనిలో జ్ఞానం ఉందన్న మాటా నిజమే, ఆ పనిని వదిలించుకునే హక్కు ఉండాలన్న మాటా నిజమే. రెండూ పట్టుకుని నడవడం కష్టంగా ఉంది.

మా నాయన పదహారేళ్లకే రంపె ముట్టనన్నాడు. జేజినాయన ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదట. నాయన కేసీ కాలువ పూడికతీతకు పోయినాడు, హమాలీ చేసినాడు, నన్ను చదివించినాడు. జేజినాయన పోయినాక చాకును ఆయన పారెయ్యలేదు, వాడనూలేదు. దూలం మీద గుడ్డలో చుట్టి పెట్టినాడు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు వొలిచినందుకు మనవాళ్లను కట్టేసి కొట్టినారు. ఆగస్టులో మన అమలాపురం దగ్గరే ఇద్దరు అన్నదమ్ములను, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు వొలుస్తుంటే, చెట్టుకు కట్టి కొట్టినారు. పని చేయకపోతే ఊరు ఒప్పుకోలేదు, చేస్తే ఇప్పుడు వీళ్లు ఒప్పుకోరు. ఆ వార్త చదివి వినిపించిన రోజు నాయన దూలం వైపు చూసినాడు, ఏమీ అనలేదు.

ఈ వ్యాసం రాయడం అయినాక ఆయనకు మొత్తం చదివి వినిపించినాను. కక్కయ్య దగ్గర తలూపినాడు. జపాన్ దగ్గర నిద్రమొహం పెట్టినాడు. కొలిమి దగ్గర, "ముల్లు గాదు పాపా, చీపురుపుల్ల" అన్నాడు. జేజి ముల్లనే చెప్పింది, నేను ముల్లనే ఉంచినాను. చివర్లో చాకు చేతిలోకి తీసుకుని, తెరిచి, వాదర మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసినాడు.

"కొమ్ము దొరక్క వేరేది ఏసినాడని రాసినావే, అది తప్పు. నల్లది ఊరోళ్ల గొడ్డుది. ఈ చార ఉండేది మన ఎనుముది. మనింట్లో మొదట కట్టేసిన ఎనుము అదే, అప్పుజేసి కొన్న్యాం. సచ్చిపోతే తోలు వేరేవోళ్లకు ఇచ్చేసినాడు, తాను కొయ్యలేదు. కొమ్ము ఒక్కటి పెట్టుకున్న్యాడు. జోడుది దొరికింది, నేనే తెచ్చిస్తి. వద్దన్న్యాడు."

పైన రెండో వంక గురించి నేను రాసింది కొట్టెయ్యలేదు. అట్లనే ఉంచి, ఆయన చెప్పింది కింద చేర్చినాను.